డబ్బా అడుగున ఏడాది

ఇల్లు
మార్చి 2

బావగారికి,

మీ చెల్లెలు పోయిన రోజు ఎలా గడిచిందో రాయమన్నారు. మోకాలి వల్ల మీరు రాలేకపోయారు. మీకు తెలియాలి. రాస్తున్నాను.

పొద్దున ఆరింటికి తనకి మెలకువ వచ్చింది. వీపు వెనక మూడు దిళ్ళు పెట్టాను. సగం గ్లాసు పాలు తాగింది. ఆక్సిజన్ గొట్టం ముక్కు దగ్గర ఒరుసుకుంటోందంటే అమ్మాయి దూది పెట్టింది. ఎనిమిదింటికి నర్సు వచ్చి వెళ్ళింది. పది దాకా నిద్ర. లేచాక కిటికీ తెరవమంది. వీధిలో ఎవరో మోటారు సైకిలు స్టార్టు కాక తంటాలు పడుతున్నాడు. "పదహారు" అంది. ఎన్నిసార్లు తన్నాడో లెక్కపెడుతోందని అప్పుడు అర్థమైంది. పద్దెనిమిదోసారికి స్టార్టయింది. నవ్వబోయింది. దగ్గు వచ్చింది.

మధ్యాహ్నం అమ్మాయిని మందుల షాపుకి పంపింది. మందులన్నీ ఉన్నాయి. ఆ సంగతి నాకూ తెలుసు, తనకీ తెలుసు. అమ్మాయి వెళ్ళాక, "మేడమీద గది తాళం వేసే ఉందా?" అని అడిగింది. వేసే ఉందన్నాను. "అలాగే ఉండనివ్వండి" అంది. ఇంకేదో చెబుతుందని చూశాను. చెప్పలేదు. మూడున్నరకి ఊపిరి తీరు మారింది. నాలుగూ పదికి ఆగింది. అమ్మాయి కాళ్ళ దగ్గర ఉంది. తన చెయ్యి నా చేతిలో ఉంది.

అంతే జరిగింది. మరీ బాధపడలేదని అందరికీ చెబుతున్నాను. బాధపడింది.

ఒక సంగతి ఇవాళ ఎందుకో గుర్తొచ్చింది. జబ్బు ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరకి వచ్చిందని తేలిన రోజున డాక్టరు అడిగాడు: "ఆవిడ ఏ ఫ్యాక్టరీలో చేసేవారు?" ఫ్యాక్టరీ కాదు, పాత మిలిటరీ సామాను బాగుచేసి నాటకాల వాళ్ళకి, సినిమా వాళ్ళకి అద్దెకిస్తుంది అని చెప్పబోయాను. తను నా చెయ్యి నొక్కి, "ఇంట్లో కుట్టుపనండీ" అంది. అంతకు మించి చెప్పనివ్వలేదు.

అమ్మాయి తినడం లేదు, మాట్లాడటం లేదు. సామాను బాగుచేసే ఆ మేడమీద గదిలోకి రెండేళ్ళుగా తల్లి రానివ్వలేదని దాని మనసులో ముల్లు ఉంది. చిన్నప్పటి నుంచి తల్లి బల్ల పక్కనే పెరిగిన పిల్ల కదా. పోయిన వారం తాళంచెవి దాని చేతిలో పెట్టాను. మీ చెల్లెలి మాట కాదన్నట్టయింది. కానీ ఆ పూట అమ్మాయి అన్నం తిన్నది.

మోకాలు జాగ్రత్త.

మీ బావ


కొండమీద, స్టోర్సు క్వార్టర్సు
మార్చి 10

బావా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ముప్పై ఏళ్ళు తూనికలు, కొలతల ఇన్‌స్పెక్టరుగా చేసినవాడివి. మాటలు కూడా గ్రాముల్లో తూచి రాస్తావు. అయినా అందులో చెల్లాయి కనిపించింది. పద్దెనిమిదిసార్లు లెక్కపెట్టింది చూశావా! చిన్నప్పుడు నేను ఎన్ని మెతుకులు కింద పోశానో కూడా లెక్కపెట్టి అమ్మకి చెప్పేది.

నా చెవులు ఆ పేలుడు పరీక్షల్లోనే పోయాయి కదా. ఫోన్లో మేనకోడలు, నా పిచ్చుక, ఏడుస్తుంటే కూడా వినలేని దిక్కుమాలిన మేనమామని. అందుకే ఉత్తరాలు.

ఇప్పుడు పని మాట. ఆ గది ఖాళీ చేయించెయ్. చెల్లాయే లేనప్పుడు ఆ పాత చెత్త ఎవరికి? మా మిలిటరీ డిపో నుంచి ఏరి ఏరి పంపింది నేనే, వెనక్కి తీసుకునేదీ నేనే. లారీ పంపిస్తాను. మనుషులు వచ్చి సర్దుకుంటారు, మీరెవరూ చెయ్యి పెట్టక్కర్లేదు. పిచ్చుకకి ఇరవై రెండు వచ్చాయి. తుప్పు బకిళ్ళు తోముకుంటూ కూర్చునే వయసా అది? ఏదైనా ఆఫీసులో చేర్పించు. కంప్యూటర్లు, ఏసీ, పక్క కుర్చీలో ఓ మంచి కుర్రాడు. ఏమంటావు?

తాళంచెవి ఇవ్వకుండా ఉండాల్సింది బావా. చెల్లాయి వద్దన్నది కదా. పోయినవాళ్ళ మాట ఉంచాలి.

లారీ ఎప్పుడు పంపమంటావో వెంటనే రాయి.

నీ బావ


ఇల్లు
ఏప్రిల్ 6

బావగారికి,

జవాబు ఆలస్యమైంది. లారీ వద్దు. అమ్మాయి ఒప్పుకోదు.

ఇప్పుడు అది రోజూ పొద్దున తొమ్మిదికి మేడెక్కుతుంది, సాయంత్రం ఐదుకి దిగుతుంది. మనిషి తేరుకుంది. నిన్న టీ పట్టుకుని పైకి వెళ్ళాను. తల్లి వాడిన భూతద్దం కంటికి పెట్టుకుని కూర్చుని ఉంది. నడుం బెల్టు ఒకటి నా ముందుకి తోసింది.

"చెప్పు నాన్నా, ఇది రెండో ప్రపంచ యుద్ధం ముందుదా, మధ్యలోదా?"

"నాకేం తెలుసు?"

"బకిల్ చూడు. ఇత్తడి. పైన నల్లరంగు తర్వాతెప్పుడో పూశారు. యుద్ధం ముదిరాక ఇత్తడికి కరువొచ్చి ఇనుము వేశారు. కాబట్టి ఇది ముందుది. అమ్మ నీకు ఇవన్నీ చెప్పేది కాదా?"

"చెప్పేది. పేపరు చదువుతూ వినేవాణ్ణి."

"అంటే వినలేదన్నమాట" అంది. చాలా రోజుల తర్వాత నవ్వింది.

ఒక నాటకం కంపెనీ వాళ్ళు ఎనిమిది గ్యాస్ మాస్కులు అడిగారు. వాటి పనే చేస్తోంది. రబ్బరు ముసుగు, గొట్టం, గొట్టం చివర రేకు డబ్బా, అన్నీ పెట్టుకోవడానికి ఒక సంచీ. డబ్బా నిండుగా ఉంటే నటుడికి ఊపిరాడదట. అందుకని డబ్బా మూత స్క్రూడ్రైవరుతో లేపి లోపలి సరుకు బల్ల మీద పేపరు పరిచి దులిపేస్తుంది. తల్లి అలాగే చేసేదని గుర్తుపెట్టుకుంది. ముందు బొగ్గు పలుకులు రాలాయి. తర్వాత బూడిద రంగు మెత్త, దూదిలాంటిది. కిటికీలోంచి ఎండ పడుతుంటే ఆ నలుసులు గాలిలో తేలుతూ మెరిశాయి. చూడటానికి బాగుంది. చాలాసేపు అక్కడే నిలబడ్డాను. పని అయ్యాక చీపురు తెచ్చి గది నేనే ఊడ్చాను.

దానికి ఒక అనుమానం వచ్చింది. మిమ్మల్ని అడగమంది. సంచీ మూత మీద ఏడాది ముద్ర 68 అని ఉంది. మీరు పంపిన జాబితాలోనూ 68 అనే ఉంది. డబ్బా అడుగున తుప్పు గీకితే 44 కనిపించింది. మిగతావి కూడా తిప్పి చూసింది. పదకొండింటిలో తొమ్మిదింటికి ఇలాగే ఉంది. ఏది నమ్మాలి?

మీ బావ


కొండమీద
ఏప్రిల్ 14

బావా,

పిచ్చుకకి చెప్పు, మామయ్య కంటే తెలివైనదైందని. డిపోలో నేను సామాను తనిఖీ చేసిన ముప్పై నాలుగేళ్ళలో నా పైఅధికారులకే రాని అనుమానం దానికొచ్చింది.

అందులో పెద్ద రహస్యం ఏమీ లేదు. జతలు మారిపోయి ఉంటాయి. సిపాయిలు ఒకడి డబ్బా ఇంకొకడి సంచీలో పెట్టేసేవాళ్ళు. ఏ ఏడాదైతే మాత్రం ఏమిటి? నాటకం చూసేవాడు లేచి వచ్చి డబ్బా తిప్పి చూస్తాడా?

కానీ ఒక మాట. డబ్బాలు తెరవద్దను. తుప్పు గీసుకుంటే ధనుర్వాతం వస్తుంది. ఉన్నవి ఉన్నట్టు ఒక మూల పెట్టేసి, పైన తడిగుడ్డ కప్పమను. తడిగుడ్డే. దులపొద్దు, ఊడవొద్దు. నువ్వు కూడా. ఎనిమిది మాస్కులు ఇవ్వలేమని ఆ నాటకం వాళ్ళకి రాసెయ్యండి. మాస్కులు లేకపోతే యుద్ధం ఆగిపోతుందా?

లారీ పంపుతాను బావా. ఈసారి కాదనకు.

మోకాలు అలాగే ఉంది. లేకపోతే నేనే వచ్చేవాణ్ణి.

నీ బావ


ఇల్లు
ఏప్రిల్ 22

బావగారికి,

ధనుర్వాతం భయమైతే చేతికి తొడుగులు వేసుకోమంటారు. మీరు తడిగుడ్డ కప్పమన్నారు. ఊడవద్దన్నారు. తుప్పుకి, ఊడవడానికి ఏమిటి సంబంధం?

మీ ఉత్తరం అమ్మాయికి చూపించలేదు. జతలు మారాయని మాత్రం చెప్పాను. అది ఒప్పుకోలేదు. "తొమ్మిదింటికి తొమ్మిదీ మారతాయా? సిపాయిలేమన్నా కూడబలుక్కుని మార్చుకున్నారా?" అంది. సంచీ అడుగు కుట్టులోంచి ఒక పోగు, మూత కుట్టులోంచి ఒక పోగు లాగి అగ్గిపుల్ల వెలిగించింది. అడుగు దారం కాలి బూడిదైంది. మూత దారం కరిగి నల్లటి పూసలా ముద్ద కట్టింది. మొదటిది నూలు, రెండోది నైలాన్. సంచీ 44 దే. మూత మాత్రం చిరిగితే ఎప్పుడో కొత్తది వేశారు. 68 ముద్ర ఆ కొత్త మూత మీద కొట్టారు.

"మామయ్య ఓడిపోయాడు, రాసెయ్ నాన్నా" అంది. సంబరపడింది.

నేను చేసిన ఉద్యోగం మీకు తెలుసు. దుకాణాలు తిరిగి తూకపు రాళ్ళు పరీక్షించి, సరిగ్గా ఉంటే ఆ ఏడాది ముద్ర వేసేవాణ్ణి. మా నాన్న పుట్టకముందు పోతపోసిన రాళ్ళ మీద కూడా వేశాను. ముద్ర ఏడాది రాయి పుట్టిన ఏడాది కాదు, మనం చూసిన ఏడాది. అది నాకు తెలిసినట్టే మీకూ తెలుసు. జతలు మారాయని మీరు రాశారంటే, తెలిసే రాశారు.

ఆ మధ్యాహ్నం మీ చెల్లెలి పనిపుస్తకం తీశాను. ఏ సామాను ఎప్పుడొచ్చింది, దాని ఏడాది ఎంత, ఎవరికి అద్దెకిచ్చింది, అన్నీ రాసేది. చివరి గడి 'ఖాళీ చేసిన డబ్బాలు'. ఇరవై ఆరేళ్ళవి ఉన్నాయి. ఒక్కొక్క నెల పది, పదిహేను. రెండేళ్ళ కిందట సెప్టెంబరులో ఆ గడి ఆగిపోయింది. "ఇక తెరవను" అని ఒక ముక్క రాసి ఉంది. గదికి తాళం పడింది ఆ వారమే. అమ్మాయిని రావద్దన్నదీ ఆ వారమే. మీ దగ్గర్నుంచి రిజిస్టరు ఉత్తరం వచ్చిందీ ఆ వారమే. సంతకం పెట్టి తీసుకున్నది నేను. ఏమిటని అడిగితే, "మా అన్నయ్యకి నేనంటే బెంగట" అంది.

నిన్న గదికి మళ్ళీ తాళం వేశాను. కప్పు కారుతోంది, మేస్త్రీ చూసేదాకా వెళ్ళొద్దని అబద్ధం చెప్పాను. అమ్మాయి కప్పు వంక చూసింది, నా వంక చూసింది. "వాన పడి రెండు నెలలైంది నాన్నా" అంది. అప్పటికే ఆరు డబ్బాలు తెరిచింది.

ఈ పొద్దున టీ తాగుతూ దగ్గింది. పొలమారింది, అంతే. నేను చేతిలో కప్పు వదిలేశాను.

డబ్బాలో ఏముంది? రెండు మాటల్లో రాయండి. లారీ సంగతి, మోకాలి సంగతి వద్దు.

మీ బావ


ఇల్లు
మే 1

బావగారికి,

తొమ్మిది రోజులైంది. పోస్టుమాన్ రెండుసార్లు వచ్చాడు. రెండూ కరెంటు ఆఫీసువి.

అమ్మాయి దగ్గు లెక్కపెడుతున్నాను. నిన్న మూడు. ఇవాళ ఇంకా లేదు.

రాయండి.

మీ బావ


కొండమీద
మే 4

బావా,

రెండు మాటలు అడిగావు. ఒకటే మాట. రాతినార.

ఇంటికప్పు రేకుల్లో వేసే ఆస్‌బెస్టాస్. ఆ పాత డబ్బాల్లో పొగని ఆపడానికి ఆ మెత్త పెట్టేవాళ్ళు. తర్వాత తర్వాత వచ్చిన వాటిలో అది మానేసి మందు పట్టించిన కాగితం పెట్టారు. కొత్తవి తెరిచినా ఏం కాదు. పాతవి మూత లేపకుండా ఉంచితే వాటి మానాన అవి పడి ఉంటాయి. లేపి దులిపితే ఆ నార కంటికి కనపడనంత సన్నగా విడిపోయి ఊపిరిలోకి పోతుంది. పోయింది మళ్ళీ బయటికి రాదు.

నేను చేసిన తప్పు చెబుతాను, విను. స్టోర్సులో మాస్కులు సంచీలతో సహా అల్మారాలో నిలబెట్టి ఉంటాయి. మనకి కనపడేది సంచీ మూత. గంటకి నలభై రాయాలి. మూత మీద ముద్ర చూసి ఏడాది రాసేవాళ్ళం. నేనొక్కణ్ణే కాదు, అందరం. సంచీ తీసి, డబ్బా తీసి, అడుగు తిప్పి చూసినవాడు లేడు. మరమ్మతు షెడ్డులో మూతలు మార్చేవాళ్ళని తెలిసి కూడా ఎవరికీ తట్టలేదు. "అన్నీ కొత్త రకమే చెల్లాయ్, నిక్షేపంగా తెరువు" అని నా చేత్తో రాశాను.

నాలుగేళ్ళ కిందట డిపోకి ఒక నోటీసు వచ్చింది. పాత డబ్బాలు ఎవరూ తెరవొద్దు, అడుగున ఏడాది చూసి విడిగా పెట్టమని. ఆ రోజు అల్మారాలోంచి ఒక డబ్బా తీసి తిప్పాను. తర్వాత ఇంకొకటి. సాయంత్రం దాకా తిప్పుతూనే ఉన్నాను. మూత మీద ఒక ఏడాది, అడుగున ఇంకో ఏడాది బావా.

వెంటనే రాయాలి కదా. రాయలేదు. ఇన్నేళ్ళు ఏం కాలేదు, ఇక ఏమవుతుందిలే అనుకున్నాను. రాస్తే ఏమవుతుందో ఊహించుకుని కాగితం మడిచేసేవాణ్ణి. రెండేళ్ళు అలా గడిపాను. ఆ రెండేళ్ళూ పిచ్చుక పద్దెనిమిది నిండి తల్లితో సమానంగా డబ్బాలు తెరిచింది. చెల్లాయి దగ్గు తగ్గడం లేదని నువ్వు రాశావు చూడు, అప్పుడు రాశాను. ఆ రిజిస్టరు ఉత్తరం అదే.

తను జవాబు రాసింది. ఒట్టు వేయించుకుంది. ఆ ఒట్టు వెనక దాక్కున్నాను. నువ్వు తాళంచెవి సంగతి రాయగానే చెప్పాల్సింది. లారీ పంపుతానని చెప్పి గది ఖాళీ చేసేస్తే ఎవరికీ ఏమీ చెప్పకుండానే గండం గడుస్తుందనుకున్నాను. మళ్ళీ అదే పని చేశాను చూడు.

నా మోకాలికి ఏమీ కాలేదు. రోజూ రెండు మైళ్ళు నడుస్తాను. చెల్లాయి ముఖం చూడలేక రాలేదు.

ఒట్టు తీసి గట్టున పెట్టాను. తన ఉత్తరం ఇందులో పెడుతున్నాను. నీదే ఇది.

బావ


(మడతలో ఉన్న ఉత్తరం)

మేడమీద గది
సెప్టెంబరు 19

అన్నయ్యా,

నీ ఉత్తరం చదివాను. రెండోసారి చదవలేదు. స్టవ్ మీద పెట్టి కాల్చేశాను.

నిన్ను తిట్టాలని గంటసేపు ప్రయత్నించాను. చిన్నప్పుడు సైకిలు మీంచి నన్ను పడేసి, అమ్మకి చెప్పొద్దని బతిమాలిన నీ ముఖం కళ్ళముందుకొచ్చింది. అమ్మకి అప్పుడూ చెప్పలేదు కదా.

దగ్గు మొదలై ఏడు నెలలైంది. డాక్టరు దగ్గరికి వెళతాను. నువ్వు చెప్పిందే ఆయనా చెబుతాడని నాకు తెలిసిపోయింది.

మా ఆయనకి చెప్పొద్దు. చెబితే రోజూ పొద్దున్నే నా ఊపిరి తూకం వేస్తారు. నిన్నటి కంటే ఇవాళ ఎంత తగ్గిందో చూసుకుంటూ కూర్చుంటారు. నాకు ఆయన పేపరు చదువుతూ, నేను చెప్పింది వినకుండా "ఊ" కొడుతూ ఉంటేనే ఇల్లు ఇల్లులా ఉంటుంది.

నాకు నా భయం లేదన్నయ్యా. పిల్ల భయం. ఎనిమిదేళ్ళప్పటి నుంచి నా బల్ల పక్కన కూర్చోబెట్టుకున్నాను. దులిపేటప్పుడు పేపరు కొసలు అది పట్టుకునేది. "అమ్మా, మంచు పడుతోంది" అనేది. ఆ మాట నిద్రలో వినపడుతోంది.

ఇవాళ గదికి తాళం వేసి, ఇక రావద్దన్నాను. ఎందుకని అడిగింది. నీ చేతికి పని రాదు, పాడుచేస్తున్నావు అన్నాను. నా చెయ్యి కంటే మంచి చెయ్యి దానిది. ముఖం ఎలా అయిపోయిందో నువ్వు చూడలేదు. నామీద కోపంతోనైనా దూరంగా ఉండనీ. బతికున్నన్నాళ్ళు భయపడుతూ బతకడం కంటే అమ్మ మంచిది కాదనుకోవడం తేలిక.

ఎవరికీ చెప్పనని నామీద ఒట్టు వెయ్యి.

చెల్లాయి


ఇల్లు
మే 10

బావగారికి,

రెండు ఉత్తరాలూ అందాయి.

మీకు కోపంగా రాద్దామని కూర్చున్నాను. రాయలేకపోతున్నాను. మీరు రెండేళ్ళు చెప్పలేదు. మీ చెల్లెలు రెండేళ్ళు చెప్పలేదు. కారని కప్పు కారుతోందని నేను పందొమ్మిది రోజులుగా చెబుతున్నాను. ముగ్గురం ఒకే పని చేశాం. తాళంచెవి ఇచ్చింది మాత్రం నేను. వద్దని చెప్పిన మనిషి పోయి పదిహేను రోజులు కాకముందే ఇచ్చాను. పైగా ఆ గది ఊడ్చాను.

నాటకం కంపెనీకి, పుస్తకంలో చిరునామాలు దొరికిన మిగతా అందరికీ రాశాను. మాస్కులు వాడొద్దని, తెరవొద్దని, మూట కట్టి పక్కన పెట్టమని. పరిశ్రమల భద్రతా ఆఫీసుకి వెళ్ళాను. అక్కడి మనిషి నేను చెప్పింది రాసుకుంటూ మధ్యలో కలం ఆపి, "ఇంట్లోనా?" అన్నాడు. బుధవారం మనుషులు వచ్చి గది మూసి, తడిపి, అన్నీ తీసుకెళతారు. డిపోలో మీ దగ్గరున్న అసలు జాబితాలన్నీ కావాలట. అవి పోస్టులో పంపొద్దు.

గురువారం డాక్టరు దగ్గరికి ఒక్కణ్ణే వెళ్ళాను. మీ చెల్లెల్ని చూసిన డాక్టరే. అంతా విన్నాడు. "కుట్టుపని అన్నారు కదా?" అన్నాడు. అవునన్నాను.

"అమ్మాయికి వస్తుందా?" అని అడిగాను.

"రాకపోవచ్చు. చాలామందికి రాదు. ఈ రెండు నెలల కంటే చిన్నప్పటి నుంచి పీల్చిందే ఎక్కువ. ఎక్స్‌రే ఫోటో తీద్దాం, ఊపిరి ఎంత పడుతుందో కొలుద్దాం. ఏడాదికోసారి చూస్తూ ఉందాం. సిగరెట్ల జోలికి పోకూడదు."

"ఫోటోలో తెలుస్తుందా?"

"ఇప్పుడు తెలియదు."

"మరి ఎప్పటికి?"

"ఇరవై ఏళ్ళు పట్టొచ్చు. ముప్పై పట్టొచ్చు. అసలు రాకపోవచ్చు."

నాకు అరవై ఒకటి. ముప్పై ఏళ్ళ తర్వాత దాని దగ్గు వినడానికి నేను ఉండను. డాక్టరు గదిలోంచి బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. అక్కడ కూర్చున్నప్పుడే మీ చెల్లెలు ఎందుకు చెప్పలేదో తెలిసింది. నాకూ చెప్పబుద్ధి కాలేదు. ఏదో ఒక వంక పెట్టి ఏడాదికోసారి ఫోటో తీయించవచ్చు. రక్తం లేదనో, ఉద్యోగానికి కావాలనో. నేనున్నంత కాలం నెట్టుకురావచ్చు. నాలుగు రోజులు అలాగే అనుకున్నాను.

ఈ మధ్యాహ్నం అన్నం దగ్గర అమ్మాయి కంచం పక్కకి జరిపి అడిగింది.

"నాన్నా, మేస్త్రీ ఎప్పుడొస్తాడు?"

"ఈ వారంలో."

"కప్పు కారడం లేదు కదా."

నేను మజ్జిగ గిన్నె దాని వైపు జరిపాను.

"నా చేతికి పని రాదని నీక్కూడా అనిపించిందా?" అంది. "అమ్మకీ అలాగే అనిపించింది. తెరిచిన ఆరింటిలో ఏది పాడుచేశానో చెబితే దిద్దుకుంటాను. తాళం వెయ్యడం ఎందుకు? అమ్మ పోయేముందైనా చెబుతుందని చూశాను. మందుల షాపుకి పంపించేసింది."

ఏడుస్తూ అనలేదు. ఆ ఆరు డబ్బాల్లో ఏది చెడిందోనని నిజంగానే అడుగుతోంది. బావగారూ, దాని ఊపిరిలో ఏముందో నాకు తెలియదు. మనసులో మాత్రం ఇది ఉంది. రెండేళ్ళుగా ఉంది. మీ చెల్లెలు దాన్ని భయం నుంచి తప్పించాననుకుంది. బదులుగా ఏమిచ్చిందో చూసుకోలేదు. ఇంకొన్నాళ్ళు ఉంటే చూసుకునేదే. తనలా చెయ్యను. తనకి కోపం వస్తే రానీ.

దీనివల్ల భయం పోదు. నాది పోలేదు, ఇక దానికీ మొదలవుతుంది. ప్రతి జలుబుకీ ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకుంటాం. అయినా దానికి తెలియాలి. ఏ డబ్బా ఏ ఏడాదిదో మనందరి కంటే ముందు తిప్పి చూసింది అదే.

మీరు రండి. జాబితాలు చేత్తో పట్టుకురండి. అది అడిగేవి కొన్ని నాకు తెలియవు, మీరే చెప్పాలి. మీకు వినపడకపోతే కాగితం మీద రాసి అడుగుతుంది. మీరు తప్పించుకోకుండా రాసివ్వండి.

రేపు సోమవారం. ఆరున్నరకి లేస్తుంది. ముఖం కడుక్కుని వంటింట్లోకి వచ్చాక కూర్చోబెట్టి చెబుతాను. ముందు డబ్బాలో ఉన్నదేమిటో చెబుతాను. తర్వాత తాళంచెవి నేనే ఇచ్చానని, ఏమీ తెలుసుకోకుండా ఇచ్చానని చెబుతాను. ఆ తర్వాత తల్లి ఉత్తరం దాని చేతికిస్తాను. ఆసుపత్రిలో తొమ్మిదింటికి రమ్మన్నారు. ఆ రెండు గంటలూ అది ఏమడిగినా, ఏమన్నా, అక్కడి నుంచి లేవను.

మీ బావ